సర్కారుకు కంప్యూటర్, లక్ష్మికి బుక్కు

జహీరాబాద్,
బుధవారం.

అన్నయ్యకూ వదినకూ భారతి నమస్కారాలు.

ముందు నీ మోకాలి సంగతి చెప్పు. వదిన ఆ నూనె రాస్తోందా, లేక నువ్వు "రేపు రాయించుకుంటాలే" అని తప్పించుకుంటున్నావా? సీతత్తయ్యకు కళ్ళజోడు మార్పించారా? బుజ్జిగాడికి హాస్టలు తిండి పడుతోందా? ఒక్కొక్కరి గురించీ విడివిడిగా రాయి. "అందరం క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోను.

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం అని రాసి, మళ్ళీ నేనే ఆ కాయితం చింపేశాను. ఎందుకంటే ఆ మాట నువ్వు ఇక నమ్మవు. నమ్మకపోవడంలో నీ తప్పేమీ లేదు. బాగా లేని రోజుల్లో కూడా నేను ఫోనులో అదే మాట చెప్పాను. మాఘమాసంలో పెళ్ళికి వచ్చినప్పుడు మీ బావ నీ పక్కన భోజనానికి కూర్చుని, పప్పూ పచ్చడీ కలుపుకుంటూ సంగతి కక్కేశాడట. అప్పటినుంచీ నేను "బాగున్నాం అన్నయ్యా" అన్నప్పుడల్లా నువ్వు "ఊఁ" అంటున్నావు. ఆ "ఊఁ" నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నా కూడికలో తప్పు కనిపించినప్పుడు అనేవాడివి.

నాలుగు పేజీల నీ ఉత్తరం అందింది. మొదటి రెండు పేజీలు చదువుతున్నంతసేపూ నీ అక్షరాలే చూస్తూ ఉండిపోయాను. ఎంత అందంగా రాస్తావు అన్నయ్యా ఇప్పటికీ! తర్వాత పేజీలో అసలు విషయం వచ్చింది. మిల్లులో లెక్కల గుమాస్తా కావాలనీ, యజమానితో నువ్వు మాట్లాడావనీ, మీ బావకు కూడా తెనాలిలో ఏదో ఒకటి చూస్తాననీ, తిరిగి వచ్చెయ్యమనీ రాశావు. ఈ నెలాఖరులోగా జవాబు కావాలన్నావు. "ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను కసురుతాను, విషయం తేలదు. కాయితం మీద రాయి" అన్నావు. సరే, కాయితం మీదే రాస్తున్నాను. ఈసారి బాగున్నాం అని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, చదివి నువ్వే తేల్చుకో.

ఒక మాట దాచకుండా చెబుతాను. నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులపాటు నేను ఇక్కడ లేను, తెనాలిలోనే ఉన్నాను. రోడ్డు మీద నడుస్తుంటే కాలువగట్టు మీద నడుస్తున్నట్టే ఉంది. మిల్లు గేటు దాటగానే ముక్కుకు తగిలే ఆ మినప్పప్పు వాసన కావాలనిపించింది. బడి అయ్యాక నీకు టిఫిన్ కారియర్ తెచ్చేదాన్ని గుర్తుందా? ఆ వాలుబల్ల ముందు మఠం వేసుకుని కూర్చుని ఉండేవాడివి. కనుబొమ్మల మీద పప్పు దుమ్ము తెల్లగా పేరుకుని, ఇరవై ఆరేళ్ళకే ముసలివాడిలా కనిపించేవాడివి. నువ్వు అన్నం తింటున్నంతసేపూ రూళ్ళకర్ర నా చేతికిచ్చి, చిట్టాలో గీతలు గీయమనేవాడివి. వంకర పోతే, "ఇది గీతా, జెర్రి పాకిన దారా?" అని ఎడమచేత్తోనే ఆ రూళ్ళకర్రతో వేళ్ళ మీద ఒకటి వేసేవాడివి. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ బల్లే. అలాంటి చోట కూర్చోమని పిలుస్తున్నావు. ఎవరికి చేదు?

కానీ అన్నయ్యా, నేను రాను. ఎందుకు రానో చెప్పాలంటే మూడేళ్ళ కిందటి దీపావళి దగ్గర మొదలుపెట్టాలి. అప్పుడు నీకు "కంప్యూటర్ పాడైంది" అని మాత్రమే చెప్పాను. ఆ పెళ్ళిలో మీ బావ చెప్పింది కూడా సగమే. మిగతా సగం ఆయనకు నోట రాలేదు.

మీ బావ ఉద్యోగం కోసం మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో గేటుకు "లెక్కలు రాయబడును" అని కాయితం అంటించాననీ, మూడు నెలలు ఎవరూ రాలేదనీ, చివరికి ఒకావిడ ఇద్దరు పిల్లల్ని ట్యూషనుకు తెచ్చి దింపిందనీ చెప్పి నవ్వించాను కదా. ఆ తర్వాత నేనే కొట్టు కొట్టుకూ తిరిగాను. నా మాట తీరు వినగానే, "ఏ ఊరు మేడం మీది?" అని అడిగేవారు. ఊరు చెప్పగానే మర్యాదగా చాయ్ ఇచ్చి పంపేవారు. మొదట నమ్మింది శివరాజప్ప సేటు. అల్లం, ఆలుగడ్డ టోకున అమ్మే పెద్దాయన. వాళ్ళ పూర్వులది కర్ణాటక వైపు, ఇంట్లో కన్నడం మాట్లాడతారు. పాత గుమాస్తా కొడుకు దగ్గరికి వెళ్ళిపోవడంతో ఆయన బిల్లులన్నీ ఒక గోనెసంచిలో పోసి పెట్టుకున్నాడు. ఆ సంచి నా ముందు పెట్టి, "ఇది చక్కగ జేస్తె నువ్వే మా గుమాస్తవు బిడ్డా" అన్నాడు. పదకొండు రోజులు ఆ అల్లం గోదాములో కూర్చున్నాను. ఇంటికి వెళ్ళినా చీరంతా అల్లం వాసనే. హారిక అయితే, "అమ్మా, నువ్వు చాయ్ లెక్క వాసనొస్తున్నవ్" అనేది. నీ మేనకోడలు ఇప్పుడు పూర్తిగా ఇక్కడి పిల్ల అయిపోయింది, వచ్చినప్పుడు వింటావుగా.

ఆ లెక్కలు చూసి సేటు సంతోషించాడు. ఆయన చెప్పడం వల్ల ఇంకో పదమూడు కొట్లు వచ్చాయి. స్టేషను రోడ్డులో చిన్న మడిగె తీసుకున్నాను. షట్టరు గదిని ఇక్కడ మడిగె అంటారు. బోర్డు పెట్టిన రోజు ఫోటో పంపాను, నువ్వు ఫ్రేము కట్టించావని వదిన చెప్పింది.

ఆ గర్వంలో ఒక పని చేశాను. అందరి లెక్కలూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, "ఇక పుస్తకాల పని లేదు, కొనకండి" అని కొట్టు కొట్టుకూ చెప్పాను. సేటు "మరి దీపావళికి?" అని అడిగాడు. సెలవు గురించి అడుగుతున్నాడనుకుని, "దీపావళి అయినా ఏం ఇబ్బంది లేదు సేటూ" అన్నాను. ఆయన తల ఊపాడు. మన మిల్లులో కొత్త పుస్తకాలు ఉగాదికి తెరిచేవాళ్ళు. దీపావళి అంటే మనకు ప్రమిదలూ మతాబులూ. సర్కారు సంవత్సరమేమో ఏప్రిల్‌లో మొదలవుతుంది. దీపావళికీ పుస్తకానికీ సంబంధం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

పండుగ సాయంత్రం వాళ్ళ కొట్టుకు పూజకు పిలిచారు. పట్టుచీర కట్టుకుని, నా ల్యాప్‌టాప్ సంచీ కూడా భుజానికి తగిలించుకునే వెళ్ళాను. అక్కడినుంచి మడిగెకు వెళ్ళి నా దీపం నేను పెట్టుకుందామని. కొట్టంతా బంతిపూలు, తోరణాలు. బీదర్ నుంచి వచ్చిన చుట్టాలు ఒక ఇరవై మంది. పీట మీద లక్ష్మీదేవి పటం, ముందు కొత్త గుడ్డ పరిచి, దాని మీద ఏమీ లేదు. సేటు నా వైపు చూశాడు.

"మేడం, బుక్కేది?"

"ఏ బుక్కు సేటూ?"

"మా తాత కాడికెల్లి దీపావళికి లక్ష్మి ముంగట కొత్త బుక్కు పెడుతున్నం. కొనకున్రి అన్నవు గద. నువ్వే పట్టుకొస్తవనుకున్న."

నాకు తల కొట్టేసినట్టయింది. పుస్తకాల కొట్లన్నీ అప్పటికే పూజలకు మూసేశారు. పంతులు గడియారం చూసుకుంటున్నాడు. ఏం చేయాలో తోచక, నా ల్యాప్‌టాప్ తీసి, "లెక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి, దీన్నే పెడదాం" అన్నాను. సేటు మొహం చిన్నబోయింది. "గీ డబ్బ పెడితె లక్ష్మి ఒప్పుకుంటదా?" అన్నాడు. ఆయన భార్య శాంతమ్మగారే నన్ను ఆదుకుంది. "పోనీయున్రి, ఆ పిల్లకు తెల్వదు గద. గదే పెట్టున్రి" అంది. నేను తెర వెలిగించి, సేటు పేరుతో ఉన్న పేజీ తెరిచి, కొత్త గుడ్డ మీద పెట్టాను. నిజం చెబితే, ఆ క్షణంలో నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

పుస్తకానికి చేసినట్టే చేశారు అన్నయ్యా. నాలుగు మూలలా తడి పసుపు పెట్టారు. కుంకుమ బొట్టు పెట్టారు. తడి అక్షింతలు వేశారు. ఇంటి ఆడవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేశారు. వద్దంటే పండుగపూట అపశకునం మాట్లాడినట్టవుతుందని నోరు మూసుకున్నాను. చివరికి పంతులు కలశంలో మామిడాకు ముంచి నీళ్ళు చల్లాడు. తెర ఒకసారి మినుకుమని నల్లగా అయిపోయింది. పక్కన దీపం వెలుగుతూనే ఉంది. ఇరవై మందీ చూస్తున్నారు. శాంతమ్మగారు నా చేతిలో ప్రసాదం పెట్టి, "తిను బిడ్డా" అంది. ఆ కొబ్బరిముక్క కొంగున ముడేసుకున్నాను.

ఆ ఒక్కదానిలోనే అందరి లెక్కలూ ఉన్నాయి. ఇంకోచోట కూడా దాచుకోవాలని తెలియక కాదు. రేపు దాచుదాంలే అనే బద్ధకం. హైదరాబాద్ తీసుకెళ్ళి బాగుచేసేవాళ్ళకు చూపించాం. పసుపు నీళ్ళు లోపలికంటా పోయాయి, ఏమీ రాదన్నారు. రిటర్నుల గడువు ముంచుకొచ్చింది. పండుగపూట ఆ మేడం లెక్కల్లో లక్ష్మి నల్లబడిందని ఊళ్ళో మాట పాకింది. వారం తిరక్కుండా సేటు గోనెసంచి తీసుకుపోవడానికి తనే వచ్చాడు. ఎవరినీ పంపకుండా తనే వచ్చాడు, చూడు. "నీ మీద కోపం లేదు బిడ్డా. లెక్కల తప్పు గూడ లేదు. కని ఇంట్ల ఆడోల్లు మనసు చిన్నగ చేసుకున్నరు. నేనేం చెయ్యాలె?" అన్నాడు. ఆయన వెనకే ఇంకో పదిమంది వెళ్ళిపోయారు. మిగిలింది మూడు కొట్లు.

మడిగె ఖాళీ చేసి, బోర్డు తెచ్చి ఇంట్లో మంచం కింద పెట్టాను. ఆ వారంలోనే నువ్వు ఫోను చేసి, "ఎలా ఉన్నారమ్మా?" అన్నావు. "బాగున్నాం అన్నయ్యా" అన్నాను. నీ ఫోను పెట్టేశాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. చేసింది పోయిందని కాదు, ఏ బోర్డు ఫోటోకు నువ్వు ఫ్రేము కట్టించావో అది నా మంచం కింద ఉందని.

నాలుగైదు రోజులు అలా గడిచాక నాకు నీ మీదే కోపం వచ్చింది. నవ్వకు, నిజమే. ఇంత చక్కగా చేతిరాత నేర్పించావు, దాన్ని నేను దేనికీ వాడటం లేదు కదా అనిపించింది. లేచి వెళ్ళి పద్నాలుగు పొడుగు పుస్తకాలు కొన్నాను. వెళ్ళిపోయినవాళ్ళతో సహా పద్నాలుగు కొట్లకూ వెళ్ళాను. "పోయిన ఆరు నెలల లెక్కలు మీ బిల్లులు చూసి మళ్ళీ రాసిస్తాను. ఏమీ ఇవ్వక్కర్లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇబ్బంది ఉండకూడదు" అన్నాను. కొందరు నవ్వారు. కానీ బిల్లులు ఎవరూ ఇవ్వనని అనలేదు.

అప్పుడే రేష్మా వచ్చింది. మా వీధి చివర ఇల్లు, బీకాం చదివింది, ఇద్దరు పిల్లల తల్లి. నా గుమ్మంలో బిల్లుల కుప్పలు చూసి, పని కావాలంది. జీతం ఇచ్చే స్థితిలో లేనన్నాను. "జీతం సంగతి తర్వాత చూద్దం మేడం. ఇంట్ల కూసుంటె చదివిందంత మర్చిపోత. పని నేర్పున్రి, సాలు" అంది. తను బిల్లు చదివేది, నేను రాసేదాన్ని. రెండు నెలలు పట్టింది. కుడి మణికట్టు వాచి, జడ కూడా వేసుకోలేకపోయాను. "ఫికర్ చెయ్యకున్రి" అంటూ రేష్మానే నా జడ వేసేది. పైన "శ్రీ", ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, ప్రతి పేజీ అడుగునా కూడిక, కొట్టివేత అన్నది లేకుండా, అచ్చం నువ్వు చెప్పినట్టు రాశాను. తప్పు పడితే పేజీ మొత్తం మళ్ళీ రాశాను. ఒక్కో గీత గీస్తున్నప్పుడు నా వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి, నీ రూళ్ళకర్ర పడుతుందేమోనని!

సేటు పుస్తకం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇచ్చి వచ్చేద్దామనుకుంటే కూర్చోమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. చాయ్ చల్లారిపోయింది.

"గీ రాత ఎవలిది?"

"నాదే సేటూ."

"ఎవలు నేర్పిన్రు?"

"మా అన్నయ్య. తెనాలిలో పప్పుల మిల్లు గుమాస్తా."

ఆయన పుస్తకం మూసి, రెండు చేతులతో కళ్ళకు అద్దుకున్నాడు. "మా నాయన దగ్గర గిట్ల రాసెటోడు ఒకాయన ఉండె. ఆయన పోయినంక గిసొంటి బుక్కు నేను చూడలే" అన్నాడు. నేను వచ్చేశాను. ఆ రోజు నీకు ఫోను చేసి చెప్పాలని ఎంత అనిపించిందో! కానీ చెప్పాలంటే అంతకు ముందు జరిగినదంతా చెప్పాలి కదా.

తరువాతి దీపావళికి పది రోజుల ముందు సేటు మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు, ఆ మంచం కిందే బోర్డు ఉంది. "బిడ్డా, కొత్తాయన దగ్గర లెక్క మంచిగనే ఉంది. కని మనసొప్పుతలేదు. మళ్ల నువ్వే చూడు. జీఎస్టీ అదంత నీ కంప్యూటర్ల చేసుకో. సర్కారుకు కంప్యూటర్, లక్ష్మికి బుక్కు. పండుగకు బుక్కు నువ్వే తేవాలె, మొదటి పేజి నీ చేతితోనే రాయాలె" అన్నాడు. నేను తల ఊపాను. ఆయన వెళ్ళాక మీ బావ వంగి, మంచం కిందినుంచి బోర్డు లాగి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచీ ఇదే నా పద్ధతి. ఏడాదంతా లెక్కలు కంప్యూటర్‌లో, రెండేసి చోట్ల దాచిపెట్టి. దీపావళికి మాత్రం ప్రతి కొట్టుకూ ఒక పుస్తకం. మొదటి పేజీలో శ్రీకారం, కొట్టు పేరు, యజమాని పేరు, నా చేతిరాతతో. మా కొట్టుకూ రాస్తారా అని తెలియనివాళ్ళు కూడా వచ్చి అడుగుతారు. పుస్తకం కోసం వచ్చి లెక్కలు కూడా అప్పగించినవాళ్ళే ఎక్కువ. మొదటి ఏడాది తొమ్మిది కొట్లు తిరిగొచ్చాయి. ఈ ఏడాది ముప్పై ఒకటి అయ్యాయి. కోహీర్ నుంచి ఒక విత్తనాల కొట్టు, న్యాల్‌కల్ నుంచి ఒక కిరాణా కూడా వచ్చాయి. రేష్మాకు జీతం ఇస్తున్నాను, ఆమె కింద ఇంకొకామె పనిచేస్తోంది. పోయిన నెల రెండు షట్టర్ల మడిగెలోకి మారాం. ఇవన్నీ నీకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పాను. నువ్వు "ఊఁ" అన్నావు.

ఇక్కడ వానలు వెనకబట్టాయి. పొద్దున పూట గాలి చల్లగా తగులుతోంది. తంగేడు పూలు విరగబూశాయి, ఆడపిల్లలు బతుకమ్మకు కోసుకుంటున్నారు. జొన్నరొట్టె చేయడం శాంతమ్మగారు నేర్పింది, నాకు ఇప్పటికీ గుండ్రంగా రాదు. మన వైపు అన్నం, పప్పు, గోంగూర ఎప్పుడూ గుర్తొస్తాయి. ఇక్కడా గోంగూర దొరుకుతుంది గానీ వదిన నూరినట్టు నూరే మనిషి దొరకదు. ఆదివారాలు కొంచెం దిగులుగానే ఉంటుంది. ఉండదని అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ అది ఇల్లు గుర్తొచ్చే దిగులే. ఇక్కడ బతకలేని దిగులు కాదు.

ఇప్పుడు అసలు మాట. మొన్న వదిన ఫోను చేసి, "వస్తున్నావా లేదా అమ్మాయ్? మీ అన్నయ్య యజమానికి మాట ఇచ్చేశాడు" అంది. గుమాస్తా ఎవరు మానేశారు వదినా అని మామూలుగా అడిగాను. వదిన మాట మార్చబోయింది. మళ్ళీ అడిగితే నోరు జారింది. ఎవరూ మానలేదట. ఖాళీ అవుతున్నది నీ కుర్చీనేనట. నా కోసం నువ్వు దిగిపోయి, పెరట్లో కాటా దగ్గర బస్తాలు తూయించే పని ఒప్పుకున్నావట.

అన్నయ్యా, ఆ మోకాలితో రోజంతా కాటా దగ్గర నిలబడతావా? బుజ్జిగాడికి ఇంకా రెండేళ్ళ చదువుంది. యాభై ఏడేళ్ళ వయసులో, ముప్పై ఏళ్ళు కూర్చున్న చోటినుంచి లేచి, చెల్లెలు ఆ చోట కూర్చుని రాస్తుంటే నువ్వు బయట ఎండలో నిలబడి చీటీలు అందిస్తావా? ఇలా ఎలా అనుకున్నావు? నాకు ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడుపు వచ్చిందో రాయలేను. ఇదంతా నా వల్లే. నేను బాగాలేనప్పుడు బాగున్నానని చెప్పినందుకే, బాగున్నప్పుడు నువ్వు నమ్మలేకపోయావు.

కాబట్టి ఈ ఉత్తరం అందగానే చొక్కా వేసుకుని మిల్లుకు వెళ్ళు. మా చెల్లెలు రాదట అని యజమానికి చెప్పు. నీ కుర్చీలో నువ్వే కూర్చో. నాకు ఇక్కడ కుర్చీ ఉంది, అది నువ్వు చేయించిందే.

ఆ తర్వాత ఇంకో పని. దీపావళికి వదినను తీసుకుని ఇక్కడికి రా. టిక్కెట్లు మీ బావ తీశాడు, ఇందులోనే పెడుతున్నాను, నువ్వు వద్దనకుండా. నా మాట నమ్మవద్దు, నీ కళ్ళతో చూసుకో. ముప్పై ఒక్క పుస్తకాలకూ మొదటి పేజీలు రాసేశాను. ముప్పై రెండోది మా ఆఫీసుది. దానికి గీతలు గీసి, మొదటి పేజీ ఖాళీగా ఉంచాను. ఎన్నోసార్లు కలం పట్టుకుని మళ్ళీ మూత పెట్టేశాను. అది నేను రాయాల్సింది కాదు. పండుగ సాయంత్రం లక్ష్మి ముందు పెట్టేలోపు నువ్వు కూర్చుని దాని మీద శ్రీకారం చుట్టాలి. సేటు కూడా అడిగాడు, "ఆ రాత నేర్పిన పెద్దమనిషి ఎప్పుడొస్తడు?" అని. దీపావళికి వస్తారని చెప్పేశాను. నన్ను అబద్ధాలకోరును చేయకు.

సీతత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు. కాలువ అవతలి సుబ్బాయమ్మ పిన్నిగారికీ, మిల్లులో నాకు బెల్లంముక్క ఇచ్చే హమాలీ వెంకయ్యగారు ఇంకా ఉంటే ఆయనకూ చెప్పు. బుజ్జిగాడికి మా ఇద్దరి ఆశీస్సులు. మీ బావ నమస్కారాలు చెప్పమన్నాడు. హారిక అయితే, "మామయ్యను నేను జర మిస్ అవుతున్న అని రాయి" అంది. అలాగే రాశాను. నువ్వూ వదినా మమ్మల్ని మనసులో దీవిస్తూ ఉండండి, మాకు అది చాలు.

నీ చేతిరాతను దాచుకున్న చెల్లెలు,
భారతి

తా.క.: వదినను ఏమీ అనకు, పాపం నేనే గుచ్చి గుచ్చి అడిగాను. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి ఎంత వీలైతే అంత తీసుకురండి. నీ రూళ్ళకర్ర మాత్రం మరిచిపోకు. రేష్మాకు పని అంతా వచ్చింది గానీ, గీతలు ఇంకా జెర్రి పాకినట్టే గీస్తోంది.